విన్నవాడి పేరు

"నడుం వంచింది చాలు బాబూ, పట్టేస్తుంది. తలెత్తి ఆ పేరేదో చెప్పండి" అన్నాడు ముసలి జాలరి ఇసొకిచి.

హాల్లో ఎవరూ నవ్వలేదు.

కమౌరా మత్స్యకారుల సంఘం చాపల మీద ఐదుగురు నౌకాదళ అధికారులు వరుసగా వంగి నిలబడి ఉన్నారు. బూట్లు గుమ్మం దగ్గరే విడిచారు. చివరివాడి మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరేమో అనుకుంది హిసాయే. అలా అనుకున్నందుకు వెంటనే తన మీద తనకే కోపం వచ్చింది. వీళ్ళ జలాంతర్గామి నీళ్ళడుగు నుంచి పైకి లేచి గుద్దితేనే తన భర్త గెంజో పడవ రెండు ముక్కలైంది. గెంజో, అతనితో వెళ్ళిన ఇద్దరు కూలీలు ఇంకా దొరకలేదు. గెంజో అస్థికల కుండలో ఎముకలకు బదులు అతను గడ్డం గీసుకునే కత్తి పెట్టి పూడ్చింది హిసాయే.

మీటింగులకు టీ పోసే వంతు సంఘం ఆడవాళ్ళది. నువ్వు కూర్చో వదినా అన్నారందరూ. ఆమె కూర్చోలేదు. కెటిల్ పట్టుకుని వరసల మధ్య తిరుగుతూనే ఉంది.

జలాంతర్గామి కెప్టెన్ సెరిజావా నడుం నిటారుగా చేసి, ఇందాక చదివిందే మళ్ళీ చదివాడు. "నీళ్ళలోని చప్పుళ్ళు వినే పనిలో ఉన్న నావికుడు పడవ ఇంజను శబ్దాన్ని గుర్తించలేకపోయాడు. అది ఆ ఒక్కడి పొరపాటని విచారణలో తేలింది. అతనిపై చర్య తీసుకున్నాం. పేరు బయటపెట్టడానికి మా నియమాలు ఒప్పుకోవు."

"మా గెంజో పేరు మాత్రం అన్ని పేపర్లలోనూ వేయించారుగా!" వెనక నుంచి ఎవరో అరిచారు.

హిసాయేకి కావలసింది ఒక్కటే. ఆ నావికుడు తన ఇంటికి రావాలి. గెంజో ఫొటో ముందు కూర్చుని, ఎందుకు వినబడలేదో చెప్పాలి. గెంజో ఇంజను మోత రేవుగట్టు అవతల ఉండగానే ఆమెకు వంటింట్లో వినబడేది. అది విన్నాకే మిసో పులుసు వెచ్చబెట్టేది. చెవులు రిక్కించుకుని కూర్చోవడమే ఉద్యోగమైనవాడికి వినబడలేదా?

సంఘం అధ్యక్షుడు తొకుజి లేచాడు. "పేరు చెప్పేదాకా ఒక్కరినీ గుమ్మం దాటనివ్వం."

సెరిజావా అతని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అధ్యక్షులవారూ, మీతో విడిగా ఒక్క మాట."

ఇద్దరూ పక్క గదిలోకి వెళ్ళారు. ఆ గదికీ వంటగదికీ మధ్య ఉన్నది కాగితం తలుపే. కెటిల్ నింపడానికి వచ్చిన హిసాయేకి ప్రతి మాటా వినబడింది.

"తొకుజి గారూ, పట్టుబట్టకండి. మీ మంచికే చెబుతున్నాను. ఆ నావికుడు మీ అబ్బాయి రియోహేనే."

సెరిజావా గొంతు ఇంకాస్త తగ్గించాడు.

"ఏ నావలో పనిచేస్తున్నదీ కన్నవాళ్ళకైనా చెప్పకూడదన్నది మా నియమం. అందుకే మీకు తెలిసి ఉండదు. ఆ పేరు బయటికొస్తే మీరీ ఊళ్ళో తలెత్తుకు తిరగలేరు. ఇక్కడితో ఆపేస్తే అబ్బాయి ఉద్యోగానికి ఢోకా లేదు. పూచీ నాది."

"తప్పు వాడొక్కడిదే అంటారు."

"విచారణలో అలాగే తేలింది."

"సరే. పదండి."

హిసాయే కెటిల్ కింద పెట్టేసింది. రియోహే! మొదటిసారి గెంజో పడవెక్కి, వలల మీదే వాంతి చేసుకున్న పిల్లాడు. ఆమె ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడో లెక్కేలేదు. పేరు తెలియక ఆమె ఇన్నాళ్ళూ తిట్టిపోసింది వాణ్నా? అంతకన్నా ఆ 'సరే' ఆమెను ఎక్కువ కోసింది. గెంజో కోసం గొంతు పోయేదాకా సముద్రం మీద కేకలేసిన మనిషి, కొడుకు పేరు రాగానే సరే అన్నాడు. ఆయన దాస్తే తనే చెబుతుంది. అందరి ముందూ చెబుతుంది.

ఆమె హాలు తలుపు దగ్గరికి వచ్చేసరికి తొకుజి మైకు అందుకున్నాడు.

"కెప్టెన్ గారు నా మేలు కోరి ఒక మాట చెప్పారు. పంతం మానుకోమన్నారు. నేనిక ఆ పేరు అడగను."

ఒక్కసారిగా గోల లేచింది. "ఎంతకి కొన్నారయ్యా ప్రెసిడెంటూ?" అంటూ ఇసొకిచి టోపీ తీసి చాప మీద కొట్టాడు. సెరిజావా తొకుజికి వంగి నమస్కరించాడు. ఈసారి నడుం తేలిగ్గానే వంగింది.

"నేను చెబుతాను!" అంది హిసాయే.

తొకుజి ఆమె వైపు తిరిగాడు. "నువ్వొద్దమ్మా. నేనే చెప్పాలి. ఆ పేరు నాకు మొదటినుంచీ తెలుసు. వీళ్ళ నోటితోనే చెప్పిద్దామనుకున్నాను."

గోల ఆగిపోయింది. అతను మైకు పట్టుకునే కెప్టెన్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మీ నియమం మావాడు ఎప్పుడో తప్పాడు కెప్టెన్ గారూ, జరిగిందంతా నాకు చెప్పేశాడు. ఇంజను మోత విన్నాడు, పైన పడవ ఉందని రెండుసార్లు చెప్పాడు. నోరు మూసుకోమన్నది ఎవరో మీరే చెబుతారా, బయట నా ట్రక్కులో కూర్చున్న రియోహేని పిలిచి చెప్పించమంటారా?"