ముఫ్త్ బడి

సోషల్ పరీక్ష కోసం స్కూలు ఆటోలోనే గట్టిగా చదువుతున్నాను. "తొలినాళ్ల అమెరికాలో కొన్నిచోట్ల పిల్లలకు ఫీజు లేని చదువు కావాలంటే, తండ్రి తాను బీదవాణ్ణని ఒప్పుకోవాలి. ఆ మాట అనలేక చాలామంది పిల్లల్ని ఇంట్లోనే ఉంచుకున్నారు. తరువాత అందరి పన్నులతో అందరికీ బడులు వచ్చాయి."

డ్రైవర్ రజాక్ అంకుల్ ముక్కుతో నవ్వాడు. "ముఫ్త్ చదువుకు గంత ముచ్చటెందుకు బేటా? ముఫ్తుల వచ్చిన చింతపండుకు పులుపుండది."

"మరి మీ బిడ్డ ఏడ చదువుతది అంకుల్?"

"హైదరాబాద్‌ల. పెద్ద కాన్వెంట్."

చర్చి దాటాక సర్కారు బడి పిల్లలు రోడ్డుకు అడ్డంగా నడుస్తున్నారు. అంకుల్ హారన్ కొట్టి తల బయటపెట్టాడు.

"ఓ ముఫ్త్ బడి మేకలూ, జర జరుగుండ్రి. పైసలు కట్టినోళ్లు పోవాలె."

ఆటోలో అందరం పగలబడి నవ్వాం. సరిగ్గా ఆటో ముందున్న అమ్మాయి తల ఎత్తకుండా పక్కకు తప్పుకుంది.

"పోండ్రి అంకుల్," అంది.

అంకుల్ ఆమె వైపు చూడలేదు. సర్కారు బడి గేటు దగ్గర నుంచి టీచర్ ఆ అమ్మాయిని పిలిచింది. "ఉమ్మె హాని, ప్రేయర్ అయితుంది, జల్ది రా."

మా స్కూలు దగ్గర దిగి ఆటో వెనక నుంచి నడిచాను. అక్కడ అంకుల్ ఎర్రరంగుతో, చుట్టూ పువ్వులు వేయించి రాయించుకున్న కూతురి పేరు రోజూ చూసేదే. ఉమ్మె హాని.

అంకుల్ ఆటో ఇంకా కదిలించలేదు.

"గా అమెరికాల," అని నెమ్మదిగా అడిగాడు, "బీదోళ్లమని చెప్పుకునుడు తర్వాత బందయిందా బేటా?"