చెంబులో పిడికెడు

తెల్లవారేసరికి మబ్బు కిందికి దిగి, గని మట్టిదిబ్బ సగమే కనబడుతోంది.

ఆ రోజు తిరుమల శనివారం, గోవిందుడి మొక్కులు తీర్చే రోజు.

గని పనివాళ్ళ ఇళ్ళ వరసలైన కోరమండల్ లైన్లలో గురువమ్మ కూతురు జలజకు తలంటి, నామం పెట్టి, చేతికి ఇత్తడి చెంబు ఇచ్చింది. ఇంటింటా గోవిందా అని పిలిచి బియ్యం తేవాలి. వాటితోనే పొంగలి వండి దేవుడికి పెట్టాలి.

చిన్న మొక్కు కాదు. ఆమె మొగుడు అంజినప్ప సర్కారు గనిలో పనివాడు. నిరుడు లోపల బండలు కూలి, ఒక పగలూ ఒక రాత్రీ అక్కడే ఉండిపోయాడు. రాళ్ళ వెనకనుంచి గోవిందా అనే కేక వినబడబట్టే తవ్వేవాళ్ళకు దారి తెలిసింది. ఆ కేక తనది కాదు, తనతోపాటు లోపల చిక్కుకున్న పెద్దాయనదన్నాడు అంజినప్ప. అంతకుమించి చెప్పే మనిషి కాదు.

జలజ నిండు చెంబుతో వచ్చింది.

"అమ్మా, మన వరస కొసన కడా ఇంటికి కొత్తగా వచ్చినాడే, ఆ సాబు తాత కూడా పోసినాడు. నేను పిలిస్తే చెంబుకు గూడా వినబడదంట. ఎట్ల పిలవాలో ఆయనే పిలిచి చూపించినాడు."

చెంబు అందుకోబోయిన గురువమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఇంగేం చెప్పినాడు?"

"ఆయనకు అల్లా అంట. దినానికి అయిదుసార్లు మొక్కుతాడంట. నీ దేవుణ్ణి నువ్వు సిగ్గుపడకుండా పిలువమ్మా అన్నాడు."

ఇద్దరు దేవుళ్ళ మాటలు చెవిన పడితే బిడ్డకు ఉన్న ఒక్క దేవుడూ నిలవడని గురువమ్మ భయం. మొక్కు చెడిందని ఇంకో భయం. కూతురి రెక్క పట్టుకుని కడా ఇంటికి పోయింది.

తెల్లగడ్డం ముసలాయన వాకిట్లో మేకకు ఆకు వేస్తున్నాడు. ఆమె అన్నవన్నీ విన్నాడు. మేక కూడా నమలడం ఆపి విన్నది.

"నా పిడికెడు నేను తీసుకుంటాలేమ్మా. నీ మొక్కు సరిగ్గా ఉండాల."

చెంబులో చెయ్యి పెట్టి తీసుకున్నాడు.

"తాతా, దాంట్లో అందరిండ్ల బియ్యమూ వచ్చేసినాయి," అంది జలజ.

"అట్లయితే అందరిండ్లలో తిన్నట్లే. లాభం నాకే."

గురువమ్మకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని వచ్చేసింది.

షిఫ్టు దిగి వచ్చిన అంజినప్పకు జలజ అంతా చెప్పింది. తాత పిలిచినట్లే సాగదీసి పిలిచి చూపించింది.

అంజినప్ప కాళ్ళు కడుక్కుని, దేవుడికి పెట్టిన పొంగలి కుండ ఎత్తుకుని నడిచాడు. తల్లీ కూతుళ్ళు వెనకే వెళ్ళారు.

ముసలాయన ఆ పిడికెడూ ఉడికించి అప్పుడే దించుతున్నాడు. అంజినప్ప ఆ మెతుకులు పొంగలిలో కలిపి, ఆయన పక్కనే చతికిలబడ్డాడు.

"బండలు కూలిన పొద్దు నా నోటి నిండా దుమ్ము," అన్నాడు పెళ్ళాంతో. "నా దేవుణ్ణి నా బదులు పిలిచిన పెద్దాయన ఈయనే."

గురువమ్మ మొదటి ముద్ద ముసలాయన ఆకులో పెట్టింది. నలుగురూ కలిసి తిన్నారు.