రెండో వైపు

"ఆ పాటల రికార్డు కింద పెట్టు. రెండో వైపున్నవి మా భాష పాటలు" అంటూ పరాస్కీవా కోడలి పెట్టెకు అడ్డం పడింది.

"మొదటి వైపున్నవి మా రష్యన్ పాటలే కదత్తా! మొక్కజొన్న మామలీగ ముద్దను కోసినట్టు దారం పెట్టి చెరిసగం కోద్దామా?" అంది జీనా, బట్టలు కుక్కుతూనే. భాష రాని కోడలు మాకొద్దని అత్త పొద్దున అన్న మాటకి, కిషినేవ్ వదిలి పుట్టింటికి రైలెక్కబోతోంది.

"ఇన్నేళ్ళు మా ఉప్పు తిని రుమేనియన్‌లో ఒక్క ముక్క నేర్చుకోలేదు. నీకెందుకే మా పాటలు?"

ఒక్క ముక్కా అర్థం కాదని సిగ్గు తెప్పిద్దామని పరాస్కీవా రికార్డు లాక్కుని, గ్రామఫోన్ మీద రెండో వైపు తిప్పి ముల్లు పెట్టింది. గాయని గొంతెత్తిందో లేదో, ముల్లు ఎగిరి ఒక చరణం దాటేసింది.

"చూశావా! పనిగట్టుకుని మా వైపే పాడుచేశావు!"

జీనా తలెత్తలేదు. ముల్లు మింగేసిన చరణాన్ని రుమేనియన్‌లోనే, ఎగుడుదిగుడు యాసతో, కోపంగా పాడి ముగించింది.

"పాడుచెయ్యలేదు, విని విని అరగదీశాను. నేను గదిలోకి రాగానే మీరంతా ఠక్కున రష్యన్‌లోకి మారిపోతారు. మర్యాదట! తిట్లు కూడా రష్యన్‌లోనే. ఇది తప్ప మీ భాష నాకు నేర్పిందెవరు?" అని పెట్టె చేతికెత్తుకుంది.

పరాస్కీవా నోరు తెరిచింది. నాలుక మీదికి మళ్ళీ రష్యనే వచ్చింది. దాన్ని మింగేసి, మొట్టమొదటిసారి కోడల్ని తన సొంత భాషలో తిట్టింది.

"పెట్టె కింద పెట్టవే, మొండి మొహమా!"

జీనా పెట్టె కింద పెట్టింది.