వాపసు పిలిచిన బండి

తాలాయ్ కొత్త బండి చక్రాలకు పూసిన గొర్రె నెత్తురు ఇంకా ఆరలేదు.

బిష్కెక్ శివార్లలోని మా పేటలో కొత్త బండి వస్తే గొర్రెను కోయాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు చూపుల కానుక పెట్టాలి. ముఖ్యంగా, ఎవరి నోటివెంటా చెడ్డ మాట రాకూడదు.

ఆ కారు సామాన్యమైంది కాదు. పెట్రోలుతోనూ నడుస్తుంది, ఇంట్లో ప్లగ్గు పెడితే కరెంటుతోనూ నడుస్తుంది. చైనా నుంచి దాన్ని తెప్పించింది తాలాయ్ మిత్రుడు సాదిర్. సంతలో అతని వ్యాపారమే అది.

విందు మధ్యలో గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు. పాత కోటు, దుమ్ము కొట్టుకుపోయిన బూట్లు. చేతిలో కానుక లేదు, మడిచిన కాగితం ఒకటి ఉంది.

"ఎవరండీ మీరు?" అన్నాడు తాలాయ్.

"చైనా సరిహద్దు అవతల నుంచి వచ్చాను తమ్ముడూ. అర్తుష్ మాది."

మాట మా కిర్గిజ్ మాటే. యాస వేరు.

"అంత దూరం నుంచా! రండి రండి, బండి చూడండి."

"దానికోసమే వచ్చాను, సంతలో వాకబు చేసుకుంటూ. చార్జింగ్ ఎక్కడ పెడతారు దీనికి?"

తాలాయ్ ఇంటిని ఆనుకుని కట్టిన షెడ్డు చూపించాడు. ఆ గోడకు అవతల వాళ్లమ్మ బురుల్ గది అని కూడా చెప్పాడు. మోకాళ్లు పడిపోయి ఆమె ఏడాదిగా మంచం మీదే ఉంటోంది. ఇవాళ పండగని వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టారు.

వచ్చినాయన ముఖం పాలిపోయింది.

"అక్కడొద్దు తమ్ముడూ. ఈ రకం బండ్లన్నిటినీ కంపెనీ వాపసు పిలిచింది. బ్యాటరీలో లోపం. చార్జింగులో ఉండగా అంటుకుంటున్నాయి."

వాకిట్లో అందరూ తినడం ఆపేశారు. శుభమా అని దీవెనలు అందుకుంటుంటే నిప్పు మాట!

"ఇవాళ అనాల్సిన మాటేనా ఇది?" తాలాయ్ గొంతులో మర్యాద పోయింది. "నిన్నెవడు పంపాడు?"

"ఎవరూ పంపలేదు. ఇదిగో, అంతా ఇందులో రాసుంది."

కాగితం నిండా చైనా అక్షరాలు. మాట ఒకటే అయినా, వాళ్ల రాత మాకు రాదు, మా రాత వాళ్లకు రాదు.

సాదిర్ దాన్ని లాక్కుని చదువుతున్నట్టు నటించాడు. "లగ్‌మాన్ రెండు ప్లేట్లు, టీ ఒకటి... పెద్దాయనా, పొరపాటున హోటల్ బిల్లు తెచ్చావు!"

అందరూ పగలబడి నవ్వారు. అమ్ముకునేవాడు నవ్వితే కొన్నవాళ్లకు ధైర్యం.

ఆ నవ్వులోనే కాగితం పొయ్యిలోకి వెళ్లింది.

"నవ్వుకోండి, ఫర్వాలేదు." ఆయన చేతులు జోడించినంత పని చేశాడు. "ఆ భాగం మార్పించేదాకా బండిని వీధిలో పెట్టండి. అంతే నేను అడిగేది."

"వీధిలో పెడితే తెల్లారేసరికి చక్రాలుంటాయా? మీ ముఠా ఎంతమంది?"

"తమ్ముడూ, ఒక్క మాట విను. నేనెవరంటే..."

"నువ్వెవడివైతే నాకేంటి? నడు!"

సాదిర్ ఆయన రెక్క పట్టుకున్నాడు. తాలాయ్ భార్య మిర్గుల్ అప్పుడే జునిపర్ కొమ్మ అంటించి, ఆ పాడు మాట సోకకుండా బండి చుట్టూ పొగ వేయడం మొదలుపెట్టింది.

"ఆగండ్రా!" అంది బురుల్. "మన గుమ్మంలోకి వచ్చినవాణ్ణి రొట్టె ముట్టనీకుండా పంపుతారా? ఇలా రా నాయనా."

ఆయన రొట్టె తుంచి నోట్లో వేసుకున్నాడు. వంగి మెల్లగా, "అమ్మా, ఆ గదిలో పడుకోవద్దు" అన్నాడు.

"కాళ్లు ఆడనిదాన్ని. నా కొడుకు ఎక్కడ పడుకోబెడితే అక్కడే నాయనా."

గేటు మూశాక ఆమె కొడుకును పిలిచింది. "అంత దూరం నుంచి వచ్చి అబద్ధం చెప్పాల్సిన పని వాడికేంట్రా?"

"సాదిర్ బేరాలు చూసి ఎవడికో కడుపుమంట. నువ్వూరుకోమ్మా."

ఆ రాత్రి ఆమెను మళ్లీ ఆ గదిలోనే పడుకోబెట్టారు.

మూడు రోజులు ఏమీ కాలేదు. తాలాయ్ ఆ మాట ఎత్తి రోజూ నవ్వాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం బండికి ప్లగ్గు పెట్టి, భార్యాభర్తలు ఒక పెళ్లికి వెళ్లారు. పొగ చూసి పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి షెడ్డు లేదు, గోడ లేదు. బురుల్ మంచం మీద నుంచి కదల్లేకపోయింది.

వారం తర్వాత అగ్నిమాపక శాఖ అధికారి తాలాయ్‌నీ, సాదిర్‌నీ పిలిపించాడు. ఎదురుగా బండి కాగితాల ఫైలు.

"ఈ రకం బండ్లను కంపెనీ వాపసు పిలిచింది. తెలుసా?"

"మాకెవరూ ఉత్తరం రాయలేదు" అన్నాడు తాలాయ్.

"మీకెందుకు రాస్తారు? ఈ వ్యాపారులు అవతల ముందు ఎవరో బీదవాడి పేరున కొత్త బండి రాయించి, వాడేసిన బండని చూపించి కంపెనీ అనుమతి లేకుండా ఇటు తోలతారు. ఉత్తరం వెళ్లేది ఆ మొదటి యజమానికి. ఏం సాదిర్?"

"అందరూ అలాగే తెస్తారు" అని గొణిగాడు సాదిర్.

తాలాయ్‌కి ఒళ్లు మండిపోయింది. బల్ల మీద గుద్దాడు.

"అయితే నా తల్లిని చంపింది వాడే! ఉత్తరం అందుకుని, మనకెందుకులే అని చించి పారేసుంటాడు. ఎవడు వాడు? ఎక్కడుంటాడు?"

"ఎవరో ఇసాక్. అర్తుష్ సంతలో మూటలు మోసే కూలీ" అంటూ అధికారి ఫైలు అతని వైపు తిప్పాడు.

మొదటి యజమాని అని రాసిన చోట, తాను గేటు బయటికి గెంటించిన పాత కోటు మనిషి ఫొటో ఉంది.