రోజుకో పేరు

టిక్.

ఇయర్‌ఫోన్స్ పిన్ను ఫోనులోకి దిగిన చప్పుడది. దుకాణంలో కౌంటరు అమ్మాయి తల ఎత్తకుండానే నవ్వుకుంది. పరీక్షాధికారి పని మొదలైంది.

ఆ బిరుదు ఆమె ఇచ్చిందే. మూడు రోజులుగా ఆ యువకుడు మధ్యరకం ధరలో ఉన్న మూడు ఇయర్‌ఫోన్స్‌ను వరుసగా ముందేసుకొని, నేరస్థులను విచారించినట్టు విచారిస్తున్నాడు. పాట పెట్టడు. మైకు దగ్గర పెదవులు కదుపుతూ ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చదువుతాడు. ఆ గొంతు ఫోను గుండా తిరిగి అతని చెవిలోకే వస్తుందట. చెవుల్లో అవి ఉన్నంతసేపే మాట. తీశాడంటే తల ఊపడమే.

“ఎర్రది బిందెలో తల పెట్టి మాట్లాడినట్టుందండి,” అన్నాడు.

వెండి రంగుది పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చెవిలో చుయ్‌మంటోందట. నూలు అల్లిక తీగది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతోందట. దాని పిన్ను మెడ దగ్గర తీగను అటూ ఇటూ వంచి చూశాడు. తెగితే ముందు తెగేది అక్కడే.

“వైరు లేనివి తీసుకోవచ్చుగా?” అంది ఆమె.

“వాటిలో నా మాట నాకే ఆలస్యంగా వినబడుతుందండి. రేపు ఇంటర్వ్యూ. ఐదుగురి ముందు కూర్చోవాలి. ఇవి లేకుండా వెళ్లలేను.”

ఆ మాట యజమాని చెవిన పడింది. రిజిస్టరు తిరగేస్తూ వచ్చాడు. వస్తువు చేతికిచ్చే ముందే పేరు అడిగి రాసుకోవడం ఆ దుకాణం నియమం. మూడు రోజులకు మూడు పేర్లు. అన్నీ అచ్చుతో మొదలయ్యే రెండక్షరాల పేర్లే.

“చూశావామ్మా? రోజుకో పేరు. రేపు వీడి చెవిలో ఎవడో జవాబులు అందిస్తాడు. అసలు పేరు చెబితేనే అమ్ము. లేదంటే పంపించెయ్.”

ఆమె పిన్ను లాగేసింది. ఇయర్‌ఫోన్స్ వెనక్కి తీసుకుంది.

“మీ అసలు పేరు చెప్పండి. తరువాతే ఇవి.”

అతని పెదవులు కలుసుకున్నాయి. విడిపోలేదు. మెడ నరాలు ఉబ్బాయి. నుదుట చెమట పట్టింది.

“నోట్లో బెల్లంగడ్డ ఉందా నాయనా?” అన్నాడు యజమాని.

యువకుడు మెల్లగా చెయ్యి చాచాడు. లాక్కోవడానికి కాదు, అడగడానికి. తప్పు చేసినవాడి కళ్లలా లేవవి. యజమాని వారిస్తున్నా, నూలు అల్లిక తీగను ఆమె ఆ చేతిలో పెట్టింది.

టిక్.

పాతికేళ్లుగా ఎవరడిగినా పెదవి దగ్గరే చిక్కుకున్న మాటను, నత్తికి వెరచి తేలికైన అబద్ధపు పేర్ల చాటున దాచిన మాటను, చెవిలో తోడొచ్చిన తన గొంతునే చేయూతగా పట్టుకొని, అతను మొదటిసారి తెగకుండా పలికాడు: “పురుషోత్తం.”