తిన్నాక రెండు గంటలు

"మేడమ్, పెద్దమ్మ మళ్లీ తప్పించుకుంది!"

నర్సు కేక విని డాక్టరమ్మ పరుగున వచ్చేసరికి, పెద్దమ్మ కింది అంతస్తులో మందుల షాపు క్యూలో అందరికంటే ముందు నిలబడి ఉంది. వెనకున్నవాళ్లు గొణుగుతున్నా చెవిన పెట్టడం లేదు.

తిన్నాక రెండు గంటలకి మళ్లీ షుగరు పరీక్ష చెయ్యాలి. ఆ రెండు గంటలూ ఆవిణ్ని ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కావడం లేదు. తీసుకొచ్చే చెల్లెలి కూతురు ఆవిణ్ని దించేసి ఆఫీసుకి పరిగెత్తేది.

"నా గదిలో కూర్చోబెట్టు, నేను చూసుకుంటాలే" అంది డాక్టరమ్మ.

అలా ప్రతి మంగళవారం పెద్దమ్మ మకాం డాక్టరమ్మ ఎదుటి కుర్చీకి మారింది.

మతిమరుపు జబ్బుతో పాటు షుగరు, బీపీ, గుండెజబ్బు కూడా ఉన్నవాళ్లని ఒకేచోట చూసే క్లినిక్ అది. నలుగురు డాక్టర్లు రాసిన మందులన్నీ ముందేసుకుని, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చే పరిశోధన.

దానికి నిధులు ఈ ఏడాదితో సరి. నిధుల కమిటీ దయ తలిస్తే క్లినిక్ నడుస్తుంది. లేదంటే తాళం వేసి, ఈ పెద్దవాళ్లందరినీ మళ్లీ నలుగురు డాక్టర్ల గుమ్మాల చుట్టూ తిప్పాల్సిందే.

కమిటీ ముందు మాట్లాడటం అంటేనే డాక్టరమ్మకి ముచ్చెమటలు. ఇక్కడేమో ఎదురుగా ఒక మనిషి, చేతిలో బోలెడు సమయం. ఇంకేం కావాలి?

"పెద్దమ్మా, నేనొక పాఠం అప్పజెప్పుకోవాలి. వింటారా?"

"చెప్పు. నసగొద్దు."

"వృద్ధ రోగులలో బహుళ దీర్ఘకాలిక వ్యాధుల సమన్వయ నిర్వహణ..."

"ఆగాగు. మనుషులకి చెప్తున్నావా, గోడకి చెప్తున్నావా?"

గుమ్మంలో నర్సు కిసుక్కున నవ్వింది.

డాక్టరమ్మ మొహం కందిపోయింది. అయినా మళ్లీ మొదలెట్టింది, ఈసారి మామూలు మాటల్లో.

"గుండె డాక్టరు గుండె చూస్తాడు. షుగరు డాక్టరు షుగరు చూస్తాడు. మనిషిని మొత్తంగా చూసే దిక్కు లేదు. మేం చూస్తాం."

"చూస్తే ఆ మనిషికి ఒరిగేదేంటి?"

"షుగరు మరీ పడిపోదు. కళ్లు తిరిగి కింద పడరు."

"అది నీ లెక్క. ఇంట్లోవాళ్లని అడిగావా, వాళ్లకేం కావాలో?"

అడగలేదు. ఆ వారమే అడిగింది. 'రాత్రిపూట ఓ కునుకు తియ్యగలిగితే చాలు డాక్టరుగారూ' అన్నారు ఎక్కువమంది. ఆ కునుకు కూడా పరిశోధనలో చేరింది.

మరుసటి మంగళవారానికి పెద్దమ్మకి ఏదీ గుర్తు లేదు. డాక్టరమ్మ ఎవరన్నదీ కొత్తే. ప్రశ్నల పదును మాత్రం తగ్గలేదు.

"డబ్బులయిపోయాక ఈ జనం గతేంటి?"

ఇంకో వారం, "నువ్వనుకున్నది తప్పని తేలితే ఒప్పుకుంటావా, కప్పెడతావా?"

ఒక్కో ప్రశ్నకీ డాక్టరమ్మ వారమంతా బుర్ర బద్దలు కొట్టుకునేది. జవాబు నచ్చకపోతే పెద్దమ్మ గుమ్మంకేసి చూసి, "తర్వాతివాళ్లని పిలవండి" అనేది.

"ఈవిడ కిందటి జన్మలో పోలీసు అయ్యుంటారు మేడమ్" అనేది నర్సు.

వెళ్లేముందు మాత్రం పెద్దమ్మ ప్రతిసారీ డాక్టరమ్మ బుగ్గ నిమిరేది.

"బెదిరిపోకు అమ్మాయ్. గుచ్చి గుచ్చి అడుగుతున్నారంటే, ఇవ్వాలని ఉందన్నమాట."

డాక్టరమ్మకి ఆవిడ షుగరెంతో తెలుసు, బీపీ ఎంతో తెలుసు. ఏ మోకాలు సలుపుతుందో, ఏ మాత్ర దగ్గర మారాం చేస్తుందో కూడా తెలుసు. రానురానూ మంగళవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేది.

కమిటీ ఇంటర్వ్యూ దగ్గర పడిందనగా పెద్దమ్మ రాలేదు. చెల్లెలి కూతురు ఫోన్ చేసింది.

"నిద్దట్లోనే పోయింది డాక్టరుగారూ. బాధేం పడలేదు. మీ దగ్గర్నుంచి వచ్చిన రోజు ఎంత హుషారుగా ఉండేదో!"

డాక్టరమ్మ సొంత మనిషి పోయినట్టే ఏడ్చింది. ఆ రోజంతా ఎదుటి కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ఇంటర్వ్యూలో పొడవాటి బల్ల. అవతల ఐదుగురు.

వాళ్ల మొదటి ప్రశ్నకే డాక్టరమ్మకి నవ్వొచ్చింది. రెండోదానికి కళ్లు చెమర్చాయి. మూడోది వాళ్లు పూర్తి చెయ్యకముందే జవాబు నోటిదాకా వచ్చేసింది.

అధ్యక్షుడు పెన్ను కింద పెట్టి, మిగతావాళ్లకేసి చూశాడు. అందరూ తలూపారు.

"మీ క్లినిక్ ఆగదు, నిశ్చింతగా ఉండండి. కానీ ఒక్క అనుమానం. మా ప్రశ్నలు మీకు ముందే తెలిసినట్టున్నాయే?"

"మా దగ్గరికొచ్చే ఒక పెద్దావిడ అచ్చం ఇలాగే అడిగేవారండీ. ఈ మధ్యే పోయారు."

"అయ్యో. ఏం చేసేవారావిడ?"

డాక్టరమ్మ నోరు తెరిచింది.

మనిషిని మొత్తంగా చూస్తామని ఇంతసేపూ గొప్పగా చెప్పిన నోరు అది. ఇన్ని మంగళవారాల్లో ఆ ఒక్కమాటా అడగాలని తోచనేలేదు.

"అడగలేదండీ" అంది తల దించుకుని.

"పోనీలెండి. ఇవి మేం కనిపెట్టిన ప్రశ్నలు కావు. ఈ కమిటీని నిలబెట్టినావిడ మాకు నేర్పి వెళ్లారు. మేం దారి తప్పకూడదని, మాకు ఎదురుగా కనిపించేలా ఆవిడ ఫొటో పెట్టుకున్నాం. మీ వెనక గోడమీదే ఉన్నారు చూడండి."

డాక్టరమ్మ వెనక్కి తిరిగింది.

ఫొటోలో ఆ పొడవాటి బల్ల దగ్గరే, అధ్యక్షుడి కుర్చీలో, పెద్దమ్మ కూర్చుని ఉంది.