మగ్గం గుంటలో రాయి

మగ్గం గుంటలోకి దిగిన కుమారస్వామి మళ్ళీ పైకి రాలేకపోయాడు.

మోకాళ్ళు పట్టేశాయి. పొట్ట ముందున్న కొయ్యకు ఆనుకుపోయింది. భార్య మంజులత రెండు చేతులూ పట్టుకుని లాగింది. ఆమె ముందుకు తూలిందే గానీ ఆయన కదల్లేదు.

వాకిట్లో మజ్జిగ క్యాను దించిన కుళ్ళాయమ్మ ఫక్కున నవ్వింది. ధర్మవరంలో ఆ వీధికి రోజూ పదకొండింటికి మజ్జిగ తెచ్చే ముసలామె. మనిషి చీపురుపుల్లలా ఉంటుంది.

"నవ్వుతాండావా అవ్వా?" కుమారస్వామికి ఒళ్ళు మండింది.

"ఎడమ మూలన, మట్టి కింద రాయి ఉంటాది. కాలితో తడుము. దాని మీద కాలు పెట్టి లెయ్."

తడిమాడు. రాయి తగిలింది. లేచాడు.

ఇల్లూ మగ్గమూ హిందూపురం ఆసామి దగ్గర కొని ఏడాదైంది. ఆ రాయి ఒకటుందని ఆయనకే తెలియదు. కానీ ఆ సిగ్గులో రాయి సంగతి ఎవరికి పట్టింది?

పది కిలోలు తగ్గకపోతే గుంటలో కూర్చోవద్దని డాక్టరు చెప్పి నెలైంది. మగ్గం అమ్మేసి బెంగళూరులో వాచ్‌మన్ పనికి రమ్మని బామ్మర్ది అప్పుడే ఫోన్లు మొదలుపెట్టాడు. మగ్గం లేని బతుకు తలుచుకుంటేనే కుమారస్వామికి ఏడుపొచ్చేది.

"మజ్జిగ పోయనా అప్పా?"

"వద్దు. పాలు, పెరుగు, మజ్జిగ అన్నీ మానేసినా. కొవ్వు."

"తగ్గినావా?"

"రెండు కిలోలు పెరిగినా."

"పొద్దున్నుంచి టీలు ఎన్ని తాగినావు?"

"నాలుగు."

"చక్కెర?"

"చక్కెర లేకుంటే టీ యాడ దిగుతాది?"

మంజులత అందుకుంది. "సాయంత్రం ఆకలికి ఆగలేక పొట్లం బజ్జీలు గూడా."

"బాగుండాది! పెరుగును ఎల్లగొట్టి బజ్జీలకు పీట వేసినావు. వెన్న తీసిన మజ్జిగలో కొవ్వు యాడుంటాదప్పా? మధ్యాన్నం సంగటి తగ్గించి గిన్నెడు పెరుగు తిను. బజ్జీల పొద్దుకు మజ్జిగ తాగు. తెల్లారి నడువు."

"నీ మజ్జిగ అమ్ముడుపోవాలని చెప్తాండావు. పో అవ్వా!"

ముసలామె ముఖం చిన్నబోయింది. క్యాను ఎత్తుకుని పక్కింటికి నడిచింది.

మర్నాడు చెంబెడు మజ్జిగ గడప మీద పెట్టి, దుడ్లు వద్దని వెళ్ళిపోయింది. ఆ మర్నాడూ అంతే.

మంజులత ఊరుకుంటుందా? చక్కెర డబ్బా తీసుకెళ్ళి పక్కింట్లో దాచింది. బజ్జీల పొద్దుకు మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది. మొదట ముఖం ముడుచుకుని తాగాడు. తర్వాత అడిగి తాగాడు.

మొదటి నెల రెండు కిలోలు దిగాడు. ఆరు నెలలకు పదకొండు.

ఒక పొద్దున ఎవరి చెయ్యీ పట్టకుండా గుంటలో దిగాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. వీధి వీధంతా మగ్గం చప్పుడు విన్నది. పచ్చ చీర, ఎర్ర అంచు. నేత ముగించి మగ్గం మీంచి కోసి దించిన రోజు బామ్మర్దికి ఫోటో పంపి, "వాచ్‌మన్ పనికి ఇంకొకర్ని చూసుకో బామ్మర్దీ!" అని గట్టిగా నవ్వాడు. మంజులత నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ చీర అందరికన్నా ముందు కుళ్ళాయమ్మకు చూపించాలని గడప దగ్గర కూర్చున్నాడు.

పదకొండు దాటింది. ఆమె రాలేదు.

మగ్గం బిగించడానికి వచ్చిన ముసలి వడ్రంగి ఎర్రప్పను అడిగాడు.

"నిన్న సాయంత్రం కూతురొచ్చి పెనుకొండకు పిల్చుకపోయింది. ఇంక ఆడనే ఉంటాదంట."

"అయ్యో! నోటికొచ్చినట్ల అంటినే. తప్పైందని గూడా చెప్పలేదు. ఈ గుంటలో రాయిని గూడా ఆమే చూపించిందప్పా."

ఎర్రప్ప గుంటలోకి వంగి చూశాడు.

"చూపించకేం? ఒళ్ళొచ్చి లేవలేక ఆ రాయి నాతోనే పెట్టించుకునింది, దాంతోనూ కాక ఇరవై ఏండ్ల కింద ఏడుస్తా ఈ మగ్గం అమ్ముకునింది ఆమే గదప్పా."